సైకిల్ తొక్కిన గంటకే చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారుతున్నాయి, ఏం చేయాలి?

కోకాపేట రైడర్:
అందరికీ నమస్కారం. ఎనిమిది నెలల క్రితం హైబ్రిడ్ సైకిల్ (రోడ్డు సైకిల్‌కీ మౌంటెన్ సైకిల్‌కీ మధ్య రకం) కొన్నాను. ఫ్లాట్ హ్యాండిల్, 700x35 టైర్లు (35 మి.మీ. వెడల్పు), నా బరువు 72 కిలోలు. మొదట్లో ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్ మీద నార్సింగి నుంచి కొల్లూరు దాకా వెళ్లి వచ్చేవాడిని, ఏ ఇబ్బందీ లేదు. రెండు నెలల నుంచి ఆదివారాలు చేవెళ్ల వైపు 60, 70 కిలోమీటర్లు వెళ్తున్నాను, గంట దాటగానే రెండు చేతుల్లోనూ చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కి తర్వాత పూర్తిగా మొద్దుబారిపోతున్నాయి. చేతులు విదిలిస్తే కాసేపు తగ్గుతుంది, మళ్లీ మొదలు. పోయిన ఆదివారం ఇంటికొచ్చాక షర్టు గుండీలు తీయడానికి కూడా ఇబ్బంది పడ్డాను, సోమవారం మధ్యాహ్నం దాకా కీబోర్డు మీద ఆ రెండు వేళ్లు సరిగ్గా పడలేదు. జెల్ గ్లవ్స్ కొన్నాను, పెద్ద తేడా లేదు. షాపులో అడిగితే అలవాటైపోతుందన్నారు. ఇంట్లో వాళ్లు సైకిలే మానేయమంటున్నారు. డిసెంబరులో 200 కిలోమీటర్ల బ్రెవే (నిర్ణీత టైములో పూర్తి చేయాల్సిన దూరపు రైడ్) చేయాలని గట్టిగా ఉంది, అందుకే టెన్షన్. దయచేసి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బ్రెవే బాటసారి:
అలవాటైపోతుందన్న మాట నమ్మకండి. నేనూ అలాగే అనుకుని ఒక 300 కిలోమీటర్ల బ్రెవే పూర్తి చేశాను, ఆ తర్వాత రెండు వారాల పాటు అన్నం కలుపుకుంటుంటే ఉంగరం వేలికి వేడి తెలియలేదు, తాళం తిప్పాలంటే ఎడమ చెయ్యి వాడాల్సి వచ్చింది. ఆ భయం నాకు ఇప్పటికీ గుర్తుంది.

గ్లవ్స్, గ్రిప్పుల సంగతి తర్వాత, ముందు సీటు చూడండి. చేతుల సమస్యకి సీటేంటి అనిపిస్తుంది, కానీ సీటు ముక్కు కిందికి వాలి ఉంటే మీరు తెలియకుండానే ముందుకు జారుతూ ఉంటారు, ఆ జారే బరువంతా అరచేతులతో ఆపుతారు. ఇలా పరీక్షించుకోండి: బండ్లు లేని సమతలం రోడ్డు మీద మామూలు వేగంతో తొక్కుతూ, వేళ్లు హ్యాండిల్‌కి ఆనీ ఆనకుండా పట్టు వదలండి. ఒళ్లు ఒక్కసారిగా ముందుకు పడబోయిందంటే బరువు సీటు మీద కాదు, చేతుల మీద ఉంది. తర్వాత సైకిల్‌ని చదునైన నేల మీద పెట్టి సీటు మీద రసమట్టం పెట్టి చూడండి, మేస్త్రీలు వాడేదే, లేదంటే ఫోన్‌లో యాప్ ఉంటుంది. ముక్కు కిందికి ఉంటే సమంగా చేయండి.

అది సరిపోకపోతే హ్యాండిల్ ఎత్తు పెంచాలి. చాలా హైబ్రిడ్లకి స్టెమ్‌ని, అంటే హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్కని, తిరగేసి బిగిస్తే ఒకట్రెండు సెంటీమీటర్లు పైకొస్తుంది, ఖర్చు కూడా ఉండదు, కాకపోతే ఆ బోల్టులు బిగించడం తెలిసినవాళ్లతోనే చేయించండి. ఒక్కోసారి ఒక్క మార్పే చేయండి, పాత చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, రెండు మూడు రైడ్లు చూశాకే ఇంకోటి. అన్నీ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు. 200కి పదమూడున్నర గంటల టైముంది కదా, మధ్యలో దిగి చేతులు చాపుకున్నా ఏం పోదు.

విశాఖ ఫిజియో:
ఏ వేళ్లో స్పష్టంగా రాశారు, మంచి పని చేశారు, ఎందుకంటే సగం సమాధానం అక్కడే ఉంది. చిటికెన వేలికీ, ఉంగరం వేలిలో ఆ వైపు సగానికీ స్పర్శ ఇచ్చేది అల్నార్ నరం. అది అరచేతి మొదట్లో చిటికెన వేలి వైపు రెండు చిన్న ఎముకల మధ్య ఇరుకు దారిలోంచి వెళ్తుంది, సరిగ్గా మీరు హ్యాండిల్ మీద బరువు ఆనించే చోటే. పైగా మణికట్టు వెనక్కి వంగి ఉంటే, రోడ్డు అదురు కూడా తోడైతే నరం గంటల తరబడి నలుగుతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే అది వేరే నరం, మీడియన్.

కాబట్టి తొక్కేటప్పుడు మోచేతులు కొద్దిగా వంచి వదులుగా ఉంచండి, మణికట్టు ముంజేతికి నేరుగా ఉండాలి, గుప్పిట బిగించకండి. బ్రేక్ లివర్లు మరీ అడ్డంగా బిగించి ఉంటే వాటిని అందుకోవడానికి మణికట్టు వెనక్కి వంచాల్సి వస్తుంది, కాస్త కిందికి తిప్పించండి. నడుం, పొట్ట కండరాలు బలంగా ఉంటే ఒంటిని అవే మోస్తాయి, వారానికి మూడు రోజులు ప్లాంక్ చేయండి.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. తిమ్మిరి వేరు, బలం తగ్గడం వేరు. గుండీ తీయలేకపోయానన్నారు, వేళ్లు కీబోర్డు మీద మర్నాటి దాకా సరిగ్గా పడలేదన్నారు, అందుకే పూర్తిగా తగ్గేదాకా పెద్ద రైడ్లు ఆపండి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కాగితం పట్టుకుని ఎవరినైనా లాగమనండి, పట్టు నిలవకపోయినా, సైకిల్ ఎక్కకుండానే తిమ్మిర్లు వస్తున్నా న్యూరాలజిస్టుని కలవండి. షుగరు, థైరాయిడ్, బీ12 లోపం, మెడ సమస్య ఉన్నా ఇలాంటి తిమ్మిర్లే రావచ్చు.

తెనాలి పెద్దాయన:
బాబూ, నేను ముప్పై ఏళ్లు పెద్ద సైకిల్ మీద పాల క్యాన్లు కట్టుకుని ఊళ్లు తిరిగినవాణ్ణి, ఒక్కరోజు చేతులు మొద్దుబారలేదు. మా అబ్బాయి కొత్త సైకిల్ తొక్కి చూశాక కారణం అర్థమైంది. మా సైకిల్‌కి హ్యాండిల్ సీటు కంటే ఎత్తు, కొసలు మన వైపు వంగి ఉంటాయి, నడుం నిటారుగా ఉంటుంది, చెయ్యి దారి చూపించడానికే గానీ బరువు మోయడానికి కాదు. మీ సైకిల్ అలా చేసుకోమనను, కానీ గాలి సంగతి చూడు. రాయిలా కొట్టించుకుంటే ప్రతి గుంటా చేతిలోకే వస్తుంది.

లింగంపల్లి రోజూ_సైకిల్:
పెద్దాయన చెప్పింది చాలా నిజం. నాకు పంక్చర్ షాపులో ఎప్పుడూ గాలి 80 పీఎస్‌ఐ కొట్టేవాళ్లు. ఇప్పుడు నేనే గేజ్ ఉన్న పంపుతో పెట్టుకుంటున్నాను. 35 టైరుకి మీ బరువుతో 50 దగ్గర చాలు, టైరు పక్కన రాసి ఉన్న కనిష్ఠం కంటే తగ్గకూడదు అంతే. ఇంకోటి, ఫ్లాట్ హ్యాండిల్‌తో అసలు ఇబ్బంది చెయ్యి ఒకే చోట ఉండిపోవడం. కొసలకి బార్ ఎండ్స్ (చిన్న కొమ్ముల్లాంటి పిడులు) బిగించుకున్నాక నాకు రెండో పట్టు దొరికింది, పది నిమిషాలకోసారి మారుస్తాను. వెడల్పుగా రెక్కలా ఉండే గ్రిప్పులు కూడా బాగుంటాయి, కానీ కోణం తప్పితే మణికట్టు ఇంకా నొప్పెడుతుంది, ఓపిగ్గా తిప్పి చూసుకోవాలి. ఫ్రేమ్ సైజు మీకు పెద్దదేమో కూడా చూడండి, నా పాత సైకిల్ అలాంటిదే, పొట్టి స్టెమ్ వేసినా పూర్తిగా కుదరలేదు, చివరికి మార్చేశాను.

కోకాపేట రైడర్:
నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను, అందరికీ చాలా థ్యాంక్స్. సీటు ముక్కు నిజంగానే కిందికి ఉంది, కంటికి తెలియలేదు గానీ రసమట్టం పెడితే తెలిసింది. రెండు వారాలు అసలు తొక్కలేదు. సీటు సమం చేశాక మొదటి 30 కిలోమీటర్ల రైడ్‌లోనే తేడా కనిపించింది, తర్వాత గాలి 75 నుంచి 52కి తగ్గించాను. నిన్న 58 వెళ్లాను, కుడి చేతికి ఏమీ లేదు, ఎడమ చిటికెన వేలు మాత్రం 45 దాటాక కొంచెం జివ్వుమంది, చెయ్యి మారిస్తే పోయింది. కాగితం పరీక్ష మా ఆవిడతో చేయించాను, రెండు చేతులూ గట్టిగానే పట్టుకున్నాయి. బార్ ఎండ్స్ ఆర్డర్ పెట్టాను, స్టెమ్ జోలికి ఇంకా వెళ్లలేదు. గురువారం బీ12, షుగరు పరీక్షలకి రక్తం ఇస్తున్నాను.