తూర్పు గుమ్మం తలుపు దిగింది: చిత్రిక పట్టించాలా, విప్పి బాగుచేయించాలా, మార్చేయాలా?

బాపట్ల గృహస్థు (ప్రశ్న):
మాది బాపట్ల దగ్గర మా నాన్నగారు 1988లో కట్టించిన ఇల్లు. తూర్పు గుమ్మానికి ఒంటి రెక్క టేకు తలుపు ఉంది. ఎత్తు 210 సెంటీమీటర్లు, వెడల్పు 105, లోపల పలకలు దిగవేసిన పాతకాలపు పని. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మా దగ్గరే తీరం దాటినప్పుడు వాన జల్లు నేరుగా ఆ తలుపుకే కొట్టింది. అప్పటినుంచి గడియ వైపు కింది మూల గడపకు రాసుకుంటోంది, ఈ ఏడాదైతే తలుపును రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే తప్ప గడియ పడటం లేదు. కింది అడ్డ పట్టె మీద రంగు పొక్కింది, గోటితో నొక్కితే చెక్క మెత్తగా తగులుతోంది. ముగ్గురు వడ్రంగులను పిలిస్తే మూడు మాటలు చెప్పారు: కింద అర అంగుళం చిత్రిక పడితే చాలునని ఒకరు, బందులు మారిస్తే చాలునని మరొకరు, ఇది పారేసి డబ్ల్యూపీసీ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) తలుపు పెట్టుకోమని మూడోవారు. ఎవరి మాట వినాలి?

చినుకు:
మొదటి వడ్రంగి చెప్పిందే సరి. చెక్క అన్నాక వానకు ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది. మా ఇంట్లో రెండు మూడేళ్లకొకసారి శ్రావణంలో చిత్రిక పట్టించుకుంటూనే ఉన్నాం, ఇల్లేమీ కూలిపోలేదు. రెండు గంటల పనికి ఇంత మీమాంస అక్కరలేదు.

రసమట్టం (విశ్రాంత సివిల్ ఇంజనీరు):
చినుకు గారితో మర్యాదగానే విభేదిస్తున్నాను. చెక్క ఉబ్బేది నారకు అడ్డంగానే. నార పొడవునా పెరుగుదల లెక్కకు రానంత స్వల్పం. తలుపు ఎత్తును నిర్ణయించేవి నిలువు పట్టెలు, వాటిలో నార నిలువుగా సాగుతుంది. కనుక వాన ఎంత కురిసినా తలుపు కిందికి పెరగదు. గడపకు రాసుకుంటున్న తలుపు ఉబ్బిన తలుపు కాదు, దిగిన తలుపు. గడపో నేలో పైకి లేచి ఉంటే తప్ప వేరే కారణం ఉండదు.

వెడల్పులో ఉబ్బు నిజమే, కానీ దానికీ హద్దు ఉంది. పలకలు గాడిలో వదులుగా ఉంటాయి కాబట్టి అవి ఉబ్బినా చట్రం వెడల్పు మారదు, అడ్డ పట్టెలు తమ పొడవు దిశలో పెరగవు. పెరిగేవి రెండు నిలువు పట్టెల వెడల్పులు మాత్రమే. ఒక్కొక్కటి 12 సెంటీమీటర్లనుకుని, చెక్కలో తేమ ఎండాకాలానికీ వానకాలానికీ మధ్య 5 శాతం పెరిగిందనుకుంటే, మొత్తం ఉబ్బు సుమారు 2 మిల్లీమీటర్లు. దీనికోసం అర అంగుళం కోయడమంటే జ్వరానికి జుట్టు కత్తిరించడమే.

ప్రశ్న వేసినవారు దయచేసి నాలుగు కొలతలు తీయండి. తలుపు మూసి, పై అంచుకూ ద్వారబంధానికీ మధ్య సందు బందుల వైపు ఎంత, గడియ వైపు ఎంత? తలుపు రెండు కర్ణాల పొడవులు ఎంతెంత? పై బందు దగ్గర చెక్కకూ ద్వారబంధానికీ మధ్య అదనంగా ఏర్పడిన ఖాళీ ఎంత? ద్వారబంధం నిలువు కంబానికి గుండు వేలాడదీస్తే తూకంలో ఉందా?

చినుకు:
కింద రాసుకునే విషయంలో మీ మాట ఒప్పుకుంటాను, నేనెప్పుడూ ఆ కోణంలో ఆలోచించలేదు. మా తలుపు పట్టేది పక్కన, గడియ వైపు పై నుంచి కింది దాకా ఒకే తీరుగా. దానికి చిత్రిక తప్పు కాదు కదా?

రసమట్టం:
తప్పు కాదు, అయితే వానలో పట్టించకండి. ఉబ్బినప్పుడు కోస్తే ఎండాకాలంలో ఆ సందులోంచి పామైనా దూరుతుంది. అంచుకు సుద్ద రాసి తలుపు మూస్తే ఎక్కడ తాకుతున్నదో ద్వారబంధం మీద మరక చెబుతుంది. వానలు వెనకబట్టాక అక్కడ మాత్రమే సన్నగా తీసి, కోసిన అంచుకు అదే రోజు రంగు వేయించండి.

బాపట్ల గృహస్థు:
కొలిచాను. ద్వారబంధం తూకంలోనే ఉంది. పై సందు బందుల వైపు 3 మిల్లీమీటర్లు, గడియ వైపు 13. పై బందు దగ్గర అదనపు ఖాళీ సుమారు 3. పై బందుల మూల నుంచి కింది గడియ మూలకు ఉన్న కర్ణం రెండోదానికన్నా 14 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. పై, కింది బందుల మధ్య దూరం 160 సెంటీమీటర్లు.

రసమట్టం:
ఈ అంకెలతో ముగ్గురు వడ్రంగుల మాటలనూ తూచవచ్చు. తలుపు గడియ వైపు మొత్తం 10 మిల్లీమీటర్లు దిగింది. పై బందు 3 మిల్లీమీటర్లు బయటికి లాగబడితే 105 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గడియ అంచు 2 మిల్లీమీటర్లు దిగుతుంది, అంతకు మించదు. మిగిలిన 8 కర్ణాల తేడాలో ఉంది: ఈ కొలతల తలుపు దీర్ఘచతురస్రం నుంచి పక్కకు ఒరిగిపోయి 8 మిల్లీమీటర్లు జారితే కర్ణాల మధ్య తేడా 14 మిల్లీమీటర్లే రావాలి, మీకు సరిగ్గా అంతే వచ్చింది. అంటే దోషంలో అయిదింట ఒక వంతు బందులది, నాలుగు వంతులు పట్టెలు ఒకదానితో ఒకటి కలిసే కీళ్లది. బందులు మార్చినా తలుపు రాసుకుంటూనే ఉంటుంది.

కీళ్లు ఎందుకు వదిలాయో మీ ప్రశ్నలోనే ఉంది. చట్రం ఒరిగిపోకుండా పట్టి ఉంచడంలో వెడల్పాటి కింది అడ్డ పట్టెది పెద్ద పాత్ర, మీరు మెత్తబడిందన్నది దాన్నే.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మన పాత ఇళ్లలో సింహద్వారానికి రెండు రెక్కలుండేవి. 45 కిలోల ఒంటి రెక్క పై బందును సుమారు 15 కిలోల బలంతో లాగుతుంది. అదే తలుపును రెండు రెక్కలు చేస్తే బరువూ సగం, వెడల్పూ సగం కాబట్టి ఒక్కో పై బందు మీద లాగుడు నాలుగో వంతుకు పడిపోతుంది. పిల్లలు పట్టుకుని ఊగే ఇళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

మూడో అంతస్తు:
ఇంత లెక్క వేసి చివరికి పుచ్చిన తలుపునే కాపాడుకోవాలా? డబ్ల్యూపీసీ నీటికి ఉబ్బదు, చెద పట్టదు. మా హైదరాబాద్ ఫ్లాటులో స్నానాల గదులకు అవే, ఒక్క ఫిర్యాదు లేదు.

ఉలి (వడ్రంగం ఇంట పుట్టినవాడిని):
స్నానాల గదికి నేనూ అదే పెట్టమంటాను. కానీ రోజూ తూర్పు ఎండ పడే ఇంటి ముఖద్వారానికి, అదీ మూడున్నర అడుగుల ఒంటి రెక్కకు, మరమేకును గట్టిగా పట్టుకునే చేవ టేకు ఇంట్లోనే ఉండగా దాన్ని పాత సామాన్ల కొట్టుకు వేయడం నాకు మనసొప్పదు. పదును మొన ఉన్న స్క్రూడ్రైవరుతో కింది నుంచి పైకి అంగుళం అంగుళం గుచ్చి చూడండి. మొన సులువుగా దిగి, చెక్క పొడిపొడిగా విరిగితే పుచ్చు; నార సాగుతూ పుల్లలా లేస్తే మంచి చెక్క. టేకులో ముందు పోయేది పసుపు గోధుమ రంగు చేవ కాదు, అంచున మిగిలిపోయిన తెల్ల చెక్క. పుచ్చు కింది పట్టెకూ నిలువు పట్టెల అడుగు కొసలకూ మాత్రమే పరిమితమైతే తలుపు దక్కినట్లే. నడిమి పట్టెకు పాకి ఉంటే నేనూ మార్చమనే అంటాను.

పని వరుస ఇది. తలుపు దించి, రంగు గీకి, ఎండలో కాక నీడన గాలి ఆడేచోట రెండు మూడు వారాలు ఆరనివ్వాలి. తడి చెక్కకు పట్టించిన జిగురు పట్టు నిలవదు. తరువాత కింది కీలు విప్పి, అడ్డ పట్టెను పాత టేకుతో కొత్తగా చేయించాలి. నిలువు పట్టెల కొసల్లో పుచ్చిన భాగాన్ని మంచి చెక్క వచ్చేదాకా ఏటవాలుగా కోసి, అంతే వాలుతో కొత్త ముక్క అతికించాలి. అడ్డంగా నేరుగా కోసి అతికితే జిగురు నారల కొసలకే తగులుతుంది, అది నిలవదు. నీటికి లొంగని జిగురు, కుసికి (నిలువు పట్టె తొలిలో దూరే అడ్డ పట్టె కొసకు) అడ్డంగా వెదురు చీలలు వాడి, బిగింపులు వదిలేముందు రెండు కర్ణాలూ సమానమయ్యాయో లేదో కొలవాలి. బందుల పాత రంధ్రాల్లో అగ్గిపుల్లలు కాదు, జిగురు పూసిన టేకు చీలలు కొట్టి ఆరాక కొత్తగా రంధ్రం వేయాలి. సముద్రపు గాలికి ఇనుప బందులు తుప్పు పడతాయి. ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో వేసి, పై బందుకు దగ్గరలో ఇంకొకటి అదనంగా కలపండి.

చినుకు:
అంత విప్పకుండా మూలలకు ఇనుప పట్టీలు కొడితే?

ఉలి:
కొడతారు, చాలా ఇళ్లలో చూశాను. పుచ్చిన చెక్కలో మేకు ఎంతకాలం నిలుస్తుంది? పట్టీ వెనక నీరు నిలిచి ఇంకా లోతుగా పుచ్చుతుంది. తలుపు అడుగున రేకు తొడగడం కూడా అటువంటిదే; పైనుంచి దిగిన నీరు బయటికి పోయే దారి ఉండదు.

గడప ముగ్గు:
అయ్యలారా, అందరూ తుపాను మీద నెపం పెడుతున్నారు. ఆ వాన రెండు రోజులది. గడప మీద రోజూ పొద్దున్నే చెంబెడు నీళ్లు పోసి కడిగి, శుక్రవారం పసుపు రాసేది మేము. కడగడం తప్పని నేను అనను, మానను కూడా. నాకు తెలిసిన సంగతి ఒకటే: రంగులు వేసేవాళ్లు తలుపును దించకుండానే వేస్తారు, కాబట్టి అడుగు అంచుకు జన్మలో రంగు అంటదు. తలుపు కింద అద్దం పెట్టి చూడండి. నార కొసలు అక్కడే ఉంటాయి, దీపపు వత్తి నూనె పీల్చినట్లు నీళ్లు పీలుస్తాయి. ఇంకొక మాట: గడప ముందున్న రాయి వాలు ఎటు ఉంది?

రసమట్టం:
అమ్మా, ఇది మేమంతా మొదట అడగవలసిన ప్రశ్న. అడుగు అంచుకు తలుపు బిగించకముందే మూడు పూతలు పడాలి. బయటి వైపు అడుగున ఒక చిన్న వాలు పట్టె కొట్టి, దాని కింది ముఖాన సన్నని గాడి తీయిస్తే పైనుంచి జారిన నీరు ఆ గాడి దగ్గరే చుక్కలై రాలిపోతుంది, గడప మీదికి పాకదు.

బాపట్ల గృహస్థు:
ఈ ఉదయం తలుపు దించాం. అడుగు అంచున రంగు ఆనవాలే లేదు, ఇన్నేళ్లుగా పచ్చి చెక్కే. పుచ్చు కింది అడ్డ పట్టెలో సగం దాకా, గడియ వైపు నిలువు పట్టెలో 11 సెంటీమీటర్ల దాకా ఉంది. బందుల వైపు కొస గట్టిగానే ఉంది. నడిమి పట్టెలో స్క్రూడ్రైవరు దిగలేదు. గుమ్మానికి తాత్కాలికంగా ప్లైవుడ్ షీటు అడ్డం పెట్టాం. గడప ముందు నాపరాయి మీద చెంబెడు నీళ్లు పోసి చూశాను: సగం మెట్ల మీదికి పోయింది, సగం గడప వైపే వచ్చి నిలిచింది. రాయి లేపి వాలు సరిచేయించడానికి తాపీ మేస్త్రీ ఆదివారం వస్తానన్నాడు. మీటరుకు ఎన్ని మిల్లీమీటర్ల వాలు ఇమ్మని చెప్పాలో రసమట్టం గారు సెలవియ్యండి.

రసమట్టం:
మీటరుకు 15 చాలు. 20 ఇస్తే మరీ మంచిది, కానీ నున్నటి రాయైతే వద్దు, పెద్దవాళ్లు జారతారు.