గుత్తి వంకాయ కూరకు రెడ్ వైన్ నప్పుతుందా?

జయనగర్ వంటిల్లు:
పోయిన శనివారం మా ఇంటికి భోజనానికి వచ్చిన మిత్రుడొకరు బల్ల మీద రెడ్ వైన్ సీసా చూసి పెదవి విరిచారు. "తెలుగు వంటకు వైన్ నప్పదు. వెయ్యి రూపాయల లోపు సీసా అయితే మరీ దండగ" అన్నారు. నేను ఒప్పుకోను. ఆరేడు నెలలుగా శనివారం రాత్రుళ్లు ఇంటి వంటతోనే తాగి చూస్తున్నాను. గుత్తి వంకాయ, టమాటా పప్పు, కోడి వేపుడు, ఇవే మా వంటలు. హోటల్ భోజనం కాదు. నప్పని రోజులూ ఉన్నాయి. అయితే ఆ రోజుల్లో తప్పు చాలావరకు నాదే. గది వేడిలో ఉన్న సీసాను అలాగే తెరిచేదాన్ని. రెడ్ వైన్‌ను గది వేడిలోనే తాగాలన్న మాట ఐరోపా చలి ఇళ్లలో పుట్టింది. వాళ్ల లెక్క 16 నుంచి 18 డిగ్రీలు. ఏప్రిల్‌లో బెంగళూరు వంటింట్లో 30 దాటుతుంది. ఆ వేడిలో వైన్ ఘాటెక్కి ముక్కుకు ఆల్కహాలే తగులుతుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే అదే సీసా వేరే మనిషిలా మాట్లాడుతుంది. మీ అనుభవం చెప్పండి.

నెల్లూరు నాలుక:
అక్కా, మీ మిత్రుడు చెప్పింది నిజం. ఇది అభిరుచి మాత్రమే కాదు, నాలుక తీరే అంత. మిరపలోని కాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే నరాలను రేపుతుంది. ఆల్కహాల్ కూడా ఆ నరాలనే రేపుతుంది. కారం తిని 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ తాగితే మంట రెట్టింపవుతుంది. అదే మజ్జిగలోని కేసీన్ అనే మాంసకృత్తి కారాన్ని పట్టి లాగేస్తుంది. మన పెద్దలు భోజనం చివర మజ్జిగ పెట్టింది ఊరికే కాదు. ఇక చింతపండు. నెల్లూరు చేపల పులుసు తిని రెడ్ వైన్ గుక్క వేసి చూడండి. వైన్‌లోని పులుపు మాయమై ఇనుప ముక్క నాకినట్టుంటుంది. నేను మూడు సీసాలతో మూడు సార్లు చూశాను, మూడూ అంతే.

జయనగర్ వంటిల్లు:
తమ్ముడూ, చేపల పులుసు విషయంలో నీతో వాదించను. కానీ తెలుగు వంటంటే పులుసొక్కటేనా? రెడ్ వైన్‌లో మనకు కొత్తగా అనిపించేది వగరు. ద్రాక్ష తొక్క, గింజల నుంచి దిగే టానిన్ అది. వగరు మనకు కొత్తా? అరటిపువ్వు తరిగి మజ్జిగలో వేసి వగరు విరిచేది ఎవరు? మామిడి పిందెను ఉప్పు అద్దుకుని తినేది ఎవరు? వైన్‌లోనూ సూత్రం అదే. టానిన్ ఉమ్మిలోని మాంసకృత్తులకు అతుక్కుని నోరు ఎండగొడుతుంది. భోజనంలో కొవ్వు, ఉప్పు ఉంటే ఆ వగరు మెత్తబడుతుంది. గుత్తి వంకాయలో వేరుశనగ, నువ్వులు, చివర పైకి తేలే నూనె ఉన్నాయి. దాని పక్కన షిరాజ్ ద్రాక్షతో చేసిన రెడ్ వైన్ పోసి చూడు. మిరియం వాసన, ముదురు పండు రుచి, నువ్వుల కమ్మదనం ఒకదానికొకటి దారి ఇస్తాయి. ఒక్క షరతు: కూరలో ఎండుమిర్చి సగానికి తగ్గించాలి. అతిథికోసం కారం తగ్గించడం మన ఇళ్లలో తప్పేమీ కాదు.

టమాటా పప్పు సంగతి ఇంకా బాగుంటుంది. ఇటలీ వాళ్లు టమాటాతో సాంజొవీజ్ ద్రాక్ష వైన్ తాగేది ఆ ద్రాక్షలో పులుపు ఎక్కువ కాబట్టే. వంటలో ఎంత పులుపుందో వైన్‌లోనూ అంత ఉండాలి, తగ్గితే నీరసంగా ఉంటుంది. సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రతెల్లి అనే వైన్ కంపెనీ వాళ్లు ఆ ద్రాక్షే పెంచుతారు. టమాటా పప్పు, నెయ్యి, వడియాలు, పక్కన ఒక గ్లాసు సాంజొవీజ్. నాకు ఇంతకంటే మంచి శనివారం తెలియదు.

కోలారు రైతుబిడ్డ:
బెంగళూరులో ఉండి సోలాపూర్ దాకా వెళ్లారే! నంది కొండల దిగువన దొడ్డబళ్ళాపురం దగ్గర గ్రోవర్ వైన్ కంపెనీ ద్రాక్ష తోటలు మొదలై మూడు దశాబ్దాలు దాటింది. కాబెర్నే, షిరాజ్ ద్రాక్షలు కలిపి వాళ్లు చేసే రెడ్ వైన్ మా ఇంట్లో నాటుకోడి ఇగురుతో రెండు సార్లు తాగాం. మసాలా తక్కువ, ఉల్లిపాయ ఎక్కువ వేసి చేసిన ఇగురు అది. చాలా బాగా కుదిరింది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. అంగట్లో తక్కువ ధరకు దొరికే తియ్యటి ఎర్రటి సీసాను రుచి చూసి "మన వైన్ ఇంతే" అనేవాళ్లు చాలామంది. అలాంటివాటిలో ఎక్కువగా వాడేది బెంగళూరు బ్లూ ద్రాక్ష. మా ఊళ్లో ఏడాదికి రెండు పంటలు తీస్తాం. మందమైన తొక్క, ఒక రకం ఘాటు తీపి వాసన. రసానికి, జామ్‌కు దానికి సాటి లేదు. కాబెర్నే, షిరాజ్ వంటివి వేరే జాతివి. బెంగళూరు బ్లూతో చేసిన వైన్‌ను వాటితో పోల్చడం బంగినపల్లిని తోతాపురితో పోల్చినట్టే. ఆ ద్రాక్షను తప్పుపట్టకండి, అది మా బతుకు.

మారతహళ్ళి ఒంటరి:
ఉడికించిన గుడ్డు, ఉప్పు, మిరియాలు, పచ్చి ఉల్లిపాయ. చల్లబెట్టిన షిరాజ్. నా నెలాఖరు భోజనం. అద్భుతంగా ఉంటుంది.

బసవనగుడి మందులమ్మ:
నప్పడం సంగతి తేల్చుకోండి కానీ, "రోజూ ఒక గ్లాసు గుండెకు మంచిది" అన్న మాట మాత్రం ఎవరూ ఇక్కడికి తేవద్దు. ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ ఆల్కహాల్‌కు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలోనే చెప్పింది. 750 మిల్లీలీటర్ల సీసా ఐదు గ్లాసులు. ఒక్కరే కూర్చుని పూర్తి చేసేది కాదు. వారానికి ఒక్క రోజు, ఇద్దరు ముగ్గురు పంచుకుంటే నాకు అభ్యంతరం లేదు.

నెల్లూరు నాలుక:
వగరు గురించి అక్క చెప్పింది ఒప్పుకుంటున్నాను. అరటిపువ్వు పోలిక నాకు తట్టలేదు. అయినా కారం సగం తగ్గించమనడం దగ్గర నేను ఆగిపోతాను. వైన్‌కోసం మా అమ్మ కూరను మార్చాలా? వైనే మారాలి. ఇంకో సందేహం. మిగిలిన వైన్ ఏం చేస్తున్నారు? ఇద్దరం తాగితే సగం సీసా మిగిలి రెండో రోజుకు పులిసిపోతోంది.

జయనగర్ వంటిల్లు:
అమ్మ కూరను మార్చమని అనను. అమ్మ కూర ఉన్న రోజు సీసా తెరవవద్దు, మజ్జిగే తాగు. నువ్వు వండిన రోజు తగ్గించుకో.

మిగిలినదాన్ని మూత బిగించి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టు, బల్ల మీద వదిలేయకు. మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. ఆ తర్వాత నేను మాంసం ఇగురులో వాడతాను. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక, అల్లం వెల్లుల్లి పచ్చి వాసన పోయాక, అర గ్లాసు వైన్ పోసి అది ఇగిరేదాకా పెద్ద మంట మీద కలుపుతాను. ఆ తర్వాతే మాంసం వేస్తాను. చింతపండు, టమాటా రెండూ మానేస్తాను, ఆ పులుపు వైన్ ఇస్తుంది. మిరియాలు దంచి చివర వేస్తాను. అరగంట ఉడికినా ఆల్కహాల్ మూడో వంతు దాకా మిగులుతుంది కాబట్టి పిల్లలున్న రోజు ఈ ఇగురు చేయను. పోయిన నెల శివాజీనగర్ రస్సెల్ మార్కెట్‌లో కొన్న మేక మాంసంతో చేశాను, గిన్నె అడుగు దాకా గీకి తిన్నాం.