పీజీ రెండో ఏడాదిలో మెటర్నిటీ లీవ్: 80 శాతం అటెండెన్స్ లెక్క ఎలా?

ప్రశ్న: నెల్లూరు_ఓబీజీ

నెల్లూరులో ఎంఎస్ ఓబీజీ (ప్రసూతి, స్త్రీవైద్యం), రెండో ఏడాది. కోర్సు మొదలైంది 2025 జనవరి 1న. డ్యూ డేట్ 2026 ఏప్రిల్ 20. మార్చి 1 నుంచి 180 రోజులు లీవ్ పెడదామనుకుంటున్నా. ఆఫీసులో అడిగితే "ఏడాదికి 73 రోజులు దాటి రాకపోతే అటెండెన్స్ షార్టేజే, ఆరు నెలలు ఎక్స్‌టెన్షన్, పరీక్ష కూడా వెనక్కి" అంటున్నారు. సీనియర్లేమో మెటర్నిటీ లీవ్ అసలు అటెండెన్స్ లెక్కలోకే రాదంటున్నారు. ఏది నిజం? లీవ్‌ని రెండు ఏడాదుల్లో పడేలా పెట్టుకుంటే ఏమైనా లాభమా? డీఆర్‌పీ (డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ, అంటే జిల్లా ఆసుపత్రి పోస్టింగ్) ఇంకా కాలేదు, కావలికి వేస్తారంటున్నారు. థీసిస్ కేసులు సగం అయ్యాయి.

జవాబు: పెన్నా_ఫిజీషియన్

ఆ 73 అనేది 365లో 20 శాతం. పాత పీజీ మెడికల్ రెగ్యులేషన్స్ (2000)లో ప్రతి క్యాలెండర్ ఏడాదిలో 80 శాతం ట్రైనింగ్‌కి హాజరు కావాలని ఉంది. చాలా ఆఫీసుల్లో లెక్క ఇప్పటికీ ఆ పద్ధతిలోనే నడుస్తోంది. ఆ లెక్క ప్రకారమైతే మీరు లీవ్‌ని ఎలా విడగొట్టినా గట్టెక్కరు. అక్టోబర్ 1న మొదలుపెట్టారనుకోండి, ఆ ఏడాదిలో 92 రోజులు, తర్వాతి ఏడాదిలో 88 రోజులు పడతాయి. రెండూ 73 దాటినవే. రెండేళ్లకీ కలిపి 146 రోజులకే చోటుంది, మీకు కావాల్సింది 180. కాబట్టి విడగొట్టే ఆలోచన వదిలేయండి.

ఇప్పుడు నడుస్తున్నది పీజీఎంఈఆర్ 2023, అంటే నేషనల్ మెడికల్ కమిషన్ పీజీ రెగ్యులేషన్స్. అందులో లీవ్ రూల్స్ విడిగా ఉన్నాయి: ఏడాదికి 20 రోజులు పెయిడ్ క్యాజువల్ లీవ్, 5 రోజులు అకడమిక్ లీవ్, డ్యూటీ అవసరాన్ని బట్టి వారానికొక ఆఫ్, ప్రభుత్వ నిబంధనల ప్రకారం మెటర్నిటీ లేదా పెటర్నిటీ లీవ్. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నిబంధన 180 రోజులు. అనుమతించిన లీవ్ దాటితే, దాటినన్ని రోజులు కోర్సు పొడిగిస్తారు. మెటర్నిటీ, పెటర్నిటీ లీవులు, వీక్లీ ఆఫ్‌లు మినహా మిగతా లీవులన్నీ 80 శాతం లెక్కలోకి వస్తాయని కూడా ఉంది.

గొడవంతా ఈ చివరి వాక్యంతోనే. "మెటర్నిటీ లెక్కలోకి రాదంటే హాజరు కింద రాదని" ఆఫీసు అర్థం చెబుతుంది. అలా చదివితే అదే వాక్యంలో పక్కనే ఉన్న వీక్లీ ఆఫ్ కూడా ఆబ్సెంటే కావాలి. ఏడాదికి 52 ఆఫ్‌లు, 20 క్యాజువల్ లీవులు కలిపితే 72. ఒక జ్వరం వస్తే చాలు, ప్రతి పీజీకీ షార్టేజే! ఆఫ్‌ని ఎవరూ ఆబ్సెంట్ వేయరు, మొత్తం రోజుల్లోంచి తీసేసి లెక్క కడతారు. మెటర్నిటీ లీవ్‌ని కూడా అలాగే తీసేయాలి.

మీ 2026 లెక్క చూడండి. 365లో 180 పోతే 185. అందులో సుమారు 26 ఆఫ్‌లు తీస్తే 159. దాంట్లో 80 శాతం అంటే 128 రోజులు రావాలి. 31 రోజులు రాకపోయినా పరవాలేదు. 20 క్యాజువల్, 5 అకడమిక్ వాడుకున్నా ఇంకా ఆరు మిగులుతాయి.

జవాబు: ఒంగోలు_రెసిడెంట్

పై లెక్క సరైనదే, కానీ అటెండెన్స్ ఒకటి, ట్రైనింగ్ కాలం ఇంకొకటి. 80 శాతం దాటినా "36 నెలలు పూర్తి కాలేదు" అని ఎక్స్‌టెన్షన్ వేసిన కాలేజీలున్నాయి. మీకు పూర్తి 180 రోజులు వేస్తే కోర్సు 2027 డిసెంబర్ 31 నుంచి 2028 జూన్ 28కి పోతుంది. యూనివర్సిటీ పరీక్షలు ఏడాదికి రెండుకు మించవు, మధ్యలో 4 నుంచి 6 నెలల తేడా ఉంటుంది. అంటే ఒక పరీక్ష తప్పితే సూపర్ స్పెషాలిటీ, సీనియర్ రెసిడెన్సీ అన్నీ వెనక్కి జరుగుతాయి. అందుకే ఈ సంగతి ఎగ్జామ్ ఫీజు కట్టే నెలలో కాదు, లీవ్‌కి ముందే తేల్చుకోవాలి.

దరఖాస్తు ప్రిన్సిపల్‌కి, త్రూ హెచ్‌ఓడీ (విభాగాధిపతి). వాట్సాప్‌లో మేడమ్‌కి మెసేజ్ పెట్టి "సరే అన్నారు" అంటే రేపు ఎవరూ ఒప్పుకోరు. చూస్తున్న గైనకాలజిస్ట్ ఇచ్చిన, డ్యూ డేట్ ఉన్న సర్టిఫికెట్ జతచేయండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది రాయండి: మార్చి 1 నుంచి ఆగస్టు 27. తపాలా సెక్షన్‌లో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబర్, ముద్ర వేయించుకోండి. ప్రొసీడింగ్స్ (లీవ్ మంజూరు ఆర్డర్) కాపీ విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి పంపమని దరఖాస్తులోనే అడగండి. ప్రొసీడింగ్స్‌లో మూడు విషయాలు ఉన్నాయో లేదో చూసుకోండి: లీవ్ రకం, కోర్సు పొడిగింపు ఉందా లేదా, స్టైపెండ్ ఇస్తారా. మూడో దాని గురించి ఏమీ రాయకపోతే అకౌంట్స్ వాళ్లు ఆపేస్తారు.

ఎక్కువగా దెబ్బతినేది నెలవారీ మస్టర్‌లో. డిపార్ట్‌మెంట్ క్లర్కుకి ఆర్డర్ అందదు, బయోమెట్రిక్‌లో పంచ్ ఉండదు, ఆరు నెలలూ "ఎ" (ఆబ్సెంట్) పడిపోతుంది. రెండేళ్ల తర్వాత దాన్ని "ఎంఎల్" (మెటర్నిటీ లీవ్)గా దిద్దించడం మహా కష్టం. నెలనెలా ఎవరైనా కో-పీజీని ఒకసారి చూడమనండి.

డెలివరీ ముందే అయితే సర్టిఫికెట్‌తో పాటు తేదీలు మార్చమని వెంటనే ఇంకో లెటర్ ఇవ్వాలి. తిరిగి చేరే రోజు ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో ఉదయమే జాయినింగ్ రిపోర్ట్ ఇవ్వండి. అది లేకుండా డ్యూటీ చేసిన రోజులు కాగితం మీద లీవే.

జవాబు: నెల్లూరు_ఓబీజీ

థాంక్సండీ. 159లో 128 లెక్క కాగితం మీద పెట్టి చూపిస్తా. మరి డీఆర్‌పీ, థీసిస్?

జవాబు: సింహపురి_ప్రొఫెసర్

డీఆర్‌పీ మూడు నెలలు, 3, 4, 5 సెమిస్టర్లలో ఎప్పుడైనా చేయవచ్చమ్మా. ఆగస్టు 28న చేరతావు, అది నాలుగో సెమిస్టర్. పసిబిడ్డతో వెంటనే కావలి ఎందుకు, 2027 జనవరి తర్వాత ఐదో సెమిస్టర్‌లో వేయించుకో. ఆ తర్వాత చోటుండదు కాబట్టి రొటేషన్ లిస్ట్ తయారయ్యే ముందే కోఆర్డినేటర్‌కి రాసివ్వు. అక్కడి హాజరు ఆ ఆసుపత్రి నుంచే కాలేజీకి రావాలి, స్టైపెండ్ దాన్ని బట్టే. చివరి రోజు సంతకం పెట్టిన కాపీ చేతికి తీసుకోకుండా బయల్దేరవద్దు.

నాకైతే అటెండెన్స్ కన్నా థీసిసే భయం. పరీక్షకి ఆరు నెలల ముందు సబ్మిట్ చేయాలి. ఎక్స్‌టెన్షన్ లేకుండా బయటపడితే ఆ గడువు కూడా వెనక్కి జరగదు. లీవ్‌లో ఉన్నన్నాళ్లూ కేసులు ఆగుతాయి. ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన స్టడీ పీరియడ్ లీవ్ మధ్యలో ముగిస్తే, తర్వాత తీసుకున్న కేసులు చెల్లవు. మార్చి 1లోపు గైడ్ సంతకంతో పీరియడ్ పొడిగింపుకి ఎథిక్స్ కమిటీకి అమెండ్‌మెంట్ (సవరణ) పెట్టు. కో-ఇన్వెస్టిగేటర్‌గా పేరు ప్రోటోకాల్‌లో ఉంటేనే వేరేవాళ్లు నీ బదులు పేషెంట్ల కన్సెంట్ తీసుకోవచ్చు. అది కూడా అదే అమెండ్‌మెంట్‌లో చేర్పించు. రీసెర్చ్ మెథడాలజీ, ఎథిక్స్, లైఫ్ సపోర్ట్ కోర్సుల్లో ఏదైనా మిగిలుంటే లీవ్‌కి ముందే ముగించు. ఆన్‌లైన్‌వి తర్వాత చూద్దాంలే అనుకుంటే, నీకు కావాల్సినప్పుడు వాటి పరీక్ష తేదీ దొరకదు.

అనస్థీషియా, ఆర్థో పీజీలు ఎవరైనా చదువుతుంటే: సీ-ఆర్మ్ (ఆపరేషన్ థియేటర్‌లో వాడే ఎక్స్-రే యంత్రం) పోస్టింగ్ ఉన్నవాళ్లు గర్భం అని తెలియగానే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా చెప్పండి. అక్కడ్నుంచి ప్రసవం వరకు బిడ్డకి రేడియేషన్ డోసు 1 మిల్లీసీవర్ట్ దాటకూడదు. చెప్పకపోతే రోస్టర్ ఎవరూ మార్చరు.

జవాబు: పెన్నా_ఫిజీషియన్

ఇంకొకటి. పైన చెప్పినవన్నీ ఎండీ, ఎంఎస్ వాళ్లకే. డీఎన్‌బీ వాళ్లకి ఎన్‌బీఈఎంఎస్ (ఆ కోర్సు నడిపే జాతీయ బోర్డు) లీవ్ రూల్స్ వేరు, ఈ లెక్క అక్కడ చూపించకండి. ఇన్-సర్వీస్ కోటాలో (ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటూ) వచ్చినవాళ్లు కాలేజీకి, తమ మాతృశాఖకి రెండు చోట్లా అప్లై చేయాలి. ఒకచోటే ఇస్తే జీతం బిల్లు దగ్గర ఆగుతుంది.