కలివికోడి మెడ రంగు కలంకారీలో ఎలా వస్తుంది?

శ్రీకాళహస్తి పద్ధతిలో కలంకారీ నేర్చుకుంటున్నాను. ఊరి బడి పిల్లలకు చూపించడానికి కలివికోడి బొమ్మ వేస్తున్నాను. ఇక లేదనుకున్న ఈ పక్షి 1986లో కడప జిల్లా ముళ్లపొదల్లో మళ్లీ కనిపించింది. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అయినా మా పిల్లల్లో ఒక్కరికీ దాని పేరు తెలియదు. అది నాకు చాలా బాధగా ఉంది.

బట్టను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరబెట్టాను. కసిమితో (ఇనుము, బెల్లం పులియబెట్టి చేసే నల్లరంగు) గీతలు బాగానే వచ్చాయి. చిక్కంతా రంగుల దగ్గరే. రొమ్ము మీద రెండు గోధుమ పట్టీలు, వాటి మధ్య తెల్లని పట్టీ, గొంతు దగ్గర ఇటుకరంగు మచ్చ ఉండాలి. పటిక పూసి ఎర్ర రంగులో ఉడికిస్తే గొంతు మరీ ఎర్రగా, కుంకుమ పెట్టినట్టు తేలింది. కసిమిని పలుచన చేసి పట్టీలు వేస్తే బూడిదరంగుకు తిరిగి, అంచులు తెలుపులోకి పాకాయి.

చండ్ర చెట్టు నుంచి తీసే రంగుతో ఆ గోధుమరంగు వస్తుందా? పటిక ఎంత తగ్గించాలి? తెల్ల పట్టీకి మైనం పెట్టడం తప్ప వేరే దారి ఉందా? రసాయన రంగులు వాడాలని లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. ఈ పక్షిని దగ్గరగా చూసినవారెవరైనా ఉంటే, రాత్రి టార్చి వెలుగులో దాని కాళ్ల రంగు ఎలా కనిపిస్తుందో కూడా రాయండి.