ఎమర్జెన్సీ ద్వారం పక్క సీటు నుంచి నాన్నగారిని లేపారు: ఇది వయసు నిబంధనేనా?

ప్రశ్న (హన్మకొండ నుంచి):

మా నాన్నగారికి అరవై ఎనిమిదేళ్లు. మనిషి పొడగరి, పైగా మోకాళ్ల నొప్పులు. మామూలు సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చోలేరని, శంషాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే విమానంలో రెక్కల దగ్గర ఉండే ఎమర్జెన్సీ ద్వారం వరుసలో, అదనపు రుసుము కట్టి, కిటికీ పక్క సీటు తీసుకున్నాము. బుకింగ్ సమయంలో అడిగిన షరతులన్నింటికీ బెంగళూరులో ఉండే మా తమ్ముడే టిక్కు పెట్టాడు. టెర్మినల్‌లో నడక ఎక్కువ కనుక వీల్‌చైర్ కూడా కోరాము. తీరా ఆయన కూర్చుని బెల్టు పెట్టుకున్నాక సిబ్బందిలో ఒకరు వచ్చి ఇంగ్లీషులో, తర్వాత హిందీలో ఏదో అడిగారట. నాన్నగారు తలూపినా ఒప్పుకోకుండా, వెనుక ఎక్కడో మధ్య సీటుకు మార్చి, ఆయన స్థానంలో ఒక యువకుణ్ణి కూర్చోబెట్టారు. "పైసలు కట్టిన సీట్లకెల్లి ముసలోడని లేపిండ్రు" అని ఆయన ఫోన్‌లో అన్నప్పుడు కోపం కంటే చిన్నబోయిన భావమే ఎక్కువగా వినిపించింది. ఈ వరుసకు వయసులో పై హద్దు ఏమైనా ఉన్నదా? ఇంగ్లీషు రానివారు అక్కడ కూర్చోకూడదా? కట్టిన రుసుము తిరిగి అడగవచ్చునా?

జవాబు 1 (కాజీపేట, గతంలో విమాన క్యాబిన్ సిబ్బందిలో పనిచేశాను):

మీ నాన్నగారు నొచ్చుకోవడం సహజమే కానీ, ఆయనను లేపినవారు తమ పని తాము చేశారనే నేను అంటాను. ఆ వరుసను కాళ్లు చాపుకునే సీటుగా అమ్మడం వల్ల వచ్చిన చిక్కు ఇది. నిజానికి అక్కడ కూర్చునే వ్యక్తికి ఒక బాధ్యత ఉంటుంది. విమానం ప్రధాన తలుపుల దగ్గర సిబ్బంది ఉంటారు గానీ, చాలా విమానాల్లో రెక్కల మీది ద్వారం దగ్గర ఎవరూ ఉండరు. ప్రమాదం జరిగితే దానిని తెరవవలసింది పక్కన ఉన్న ప్రయాణికుడే. సగం ద్వారాలు పనిచేయకపోయినా నిండు విమానం 90 సెకన్లలో ఖాళీ కాగలదని కొత్త రకం విమానానికి అనుమతి ఇచ్చే ముందే నిరూపించాలి. ఆ లెక్కలో ఈ ద్వారాలు కూడా ఉంటాయి.

అక్కడ చేయవలసిన పని ఏమిటో చూస్తే నిబంధన అర్థమవుతుంది. ఎయిర్‌బస్ ఏ320 విమానాన్నే తీసుకోండి. మొదట కిటికీలోంచి బయట మంటలు, పొగ ఉన్నాయేమో చూడాలి. ఉంటే ఆ ద్వారం ముట్టుకోకూడదు. లేవని నిర్ధారించుకున్నాక పైనున్న మూత తీసి, హ్యాండిల్‌ను కిందికి లాగితే, తలుపు మొత్తంగా ఊడి లోపలికి వస్తుంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని బయటికి విసిరేయాలి. ఆ తర్వాత వెనుక తోసుకొస్తున్న జనానికి అడ్డుపడకుండా ముందు తానే రెక్క మీదికి దిగాలి. బోయింగ్ 737-800 వంటి విమానాల్లో తలుపు కీలు మీద పైకి తెరుచుకుంటుంది కనుక మోసే బరువు లేదు, అయినా తక్కిన పనంతా అదే.

ఇది ఊహలో పుట్టిన నిబంధన కాదు. 1985 ఆగస్టు 22న ఇంగ్లండులోని మాంచెస్టర్ విమానాశ్రయంలో టేకాఫ్ కోసం పరుగు తీస్తున్న పాత రకం బోయింగ్ 737కు మంటలు అంటుకున్నాయి. విమానం నేల మీదే ఆగినా, అందులోని 137 మందిలో 55 మంది చనిపోయారు; వారిలో ఎక్కువమందిని చంపింది పొగ. కుడి రెక్క మీది ద్వారం పక్కనున్న ప్రయాణికురాలు ఆదుర్దాలో హ్యాండిల్ అనుకుని, సీటు పక్కన చేయి ఆనించుకునే పట్టీని లాగింది. చివరికి ద్వారం ఊడినప్పుడు, దాదాపు 22 కిలోల ఆ తలుపు ఆమె ఒడిలోనే పడి, ఆమెను కదలనీయలేదు. ఆ ద్వారం తెరుచుకునేసరికి విమానం ఆగి 45 సెకన్లు గడిచిపోయాయి. ఆ తర్వాతనే ఈ ద్వారాల దగ్గర జాగా పెంచాలని బ్రిటన్ ఆదేశించింది. మనం ఈనాడు డబ్బు కట్టి కొంటున్న కాళ్ల జాగాకు మూలం అక్కడ ఉన్నది.

ఇక వయసు సంగతి. అమెరికా నిబంధనలో ఈ సీటుకు కనీస వయసు 15 ఏళ్లు. పై హద్దు లేదు. చూసేది రెండు చేతులకూ రెండు కాళ్లకూ తగినంత బలమూ చురుకూ ఉన్నాయా అన్నదే. కళ్లద్దాలు పెట్టుకున్నా, వినికిడి యంత్రం వాడినా అభ్యంతరం లేదు, అవి పెట్టుకున్నాక కనబడితే, వినబడితే చాలు. మన విమాన సంస్థల షరతులూ ఇదే తీరులో ఉంటాయి: గర్భిణులు, చంటిపిల్లలతో ఉన్నవారు, పొడిగింపు బెల్టు కావలసినవారు, నడకకు సాయం కోరినవారు అక్కడ కూర్చోరాదు. మీరే వీల్‌చైర్ అడిగారు కదా. వీల్‌చైర్‌లో తలుపు దాకా వచ్చిన మనిషి అత్యవసరంలో తలుపు ఊడదీసి విసిరేస్తారని ఏ సిబ్బందీ ఒప్పుకోలేరు. అరవై ఎనిమిదేళ్ల వయసులో దృఢంగా నడిచి వచ్చినవారు అక్కడే కూర్చుని ప్రయాణించడం నేను చూశాను.

జవాబు 2 (జగిత్యాల, గల్ఫ్‌కు వెళ్లివచ్చే ఉద్యోగిని):

భాష గురించి నేను చెబుతాను, ఎందుకంటే మా ప్రాంతం నుంచి దుబాయ్, మస్కట్ వెళ్లేవారిలో ఇంగ్లీషు చదవలేనివారు చాలామంది ఉన్నారు. అమెరికా నిబంధన అడిగేది సీటు ముందున్న భద్రతా సూచనల కార్డులోని రాతను గానీ బొమ్మలను గానీ అర్థం చేసుకోవడం, సిబ్బంది అరిచి చెప్పే ఆదేశాలు గ్రహించడం. డిగ్రీ చదివారా అన్నది ప్రశ్న కాదు. అయితే మంటల మధ్య అరిచే ఆ రెండు ముక్కలు ఏ భాషలో వస్తాయో ఆ భాష కొంచెమైనా తెలియాలి కదా. ఊరికే తలూపితే సిబ్బంది ఒప్పుకోరు, నోటితో "అవును, సాయం చేస్తాను" అనాలి. మొహమాటానికి అన్నింటికీ తలూపడం మనవాళ్లకు అలవాటని వారికీ తెలుసు.

మనవాళ్లకు తెలియని సౌకర్యం ఇంకొకటి ఉన్నది. ఆ బాధ్యత వద్దనుకుంటే కారణం చెప్పకుండానే సీటు మార్చమని అడగవచ్చు; అమెరికా నిబంధనైతే కారణం చెప్పమని సంస్థ ఒత్తిడి చేయరాదని కూడా స్పష్టంగా అంటుంది. ఒకసారి నా పక్కన కూర్చున్న నిర్మల్ పెద్దాయన సిబ్బంది అడిగినదానికి "హా, హా" అంటూనే, వారు ముందుకు పోగానే నన్ను "ఏమంటున్నరు బిడ్డా?" అని అడిగారు. నేను విషయం చెప్పగానే ఆయనే బెల్టు విప్పి, సిబ్బందిని పిలిచి, వేరే సీటు ఇప్పించుకున్నారు.

జవాబు 3 (కరీంనగర్):

నిబంధన సరే. కానీ ఒకే బుకింగ్‌లో వీల్‌చైర్ కోరికనూ ఈ సీటునూ రెండింటినీ తీసుకుని, రుసుము కూడా జమ చేసుకున్న సంస్థకు బాధ్యత లేదా? ప్రయాణికుడు టిక్కు పెట్టాడన్న సాకుతో తప్పంతా అతని నెత్తిన వేయడం నాకు న్యాయంగా తోచదు. అది కంప్యూటర్ దగ్గరే ఆపవలసిన బుకింగ్. పదిమంది ముందు పెద్దమనిషిని లేపేదాకా తీసుకురావడం సంస్థ లోపమే.

ప్రశ్న అడిగినవారు:

వీల్‌చైర్‌కూ దీనికీ సంబంధం ఉంటుందని మాకు తట్టలేదు. నాన్నగారికి ఇదంతా చదివి వినిపించాను. మాంచెస్టర్ సంగతి విని కాసేపు ఊరుకుని, "గా మాట ఆడనే చెప్తే నేనే లేద్దును గద" అన్నారు. తిరుగు ప్రయాణానికి ఏ సీటు తీసుకోవాలి? రుసుము సంగతి కూడా చెప్పగలరు.

జవాబు 1 రాసినవారు:

కరీంనగర్ మిత్రుల మాటతో నేను ఏకీభవిస్తాను, ఫిర్యాదులో మీరు పట్టుకోవలసినది కూడా అదే. అర్హత లేక మార్చినప్పుడు సీటు రుసుము తిరిగి ఇవ్వబోమని షరతుల్లో రాసుకునే సంస్థలు ఉన్నాయి కనుక మొదట మీ టికెట్టు షరతులు చదవండి. ఆ తర్వాత బోర్డింగ్ పాస్, రుసుము రశీదు, వీల్‌చైర్ నమోదైన కాగితం జతచేసి, రెండు కోరికలనూ కలిపి ఎలా అంగీకరించారని సంస్థకు రాతపూర్వకంగా అడగండి. అక్కడ జవాబు రాకపోతే పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవా పోర్టల్‌లో నమోదు చేయవచ్చు.

తిరుగు ప్రయాణానికి మొదటి వరుసలో నడవ పక్క సీటు తీసుకోండి. ఎదురుగా గోడ ఉంటుంది గానీ మోకాళ్లకు ముందు సీటు తగలదు, వీల్‌చైర్ దిగగానే కూర్చోవచ్చు. చేతిసంచి మాత్రం టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో పైఅరలోనే పెట్టాలి, కాబట్టి మందుల డబ్బా చొక్కా జేబులో ఉంచుకోమనండి. మొదటి వరుస దొరకకపోతే మరే వరుసలోనైనా నడవ పక్క సీటే మేలు: నడవలో తినుబండారాల బండి పోనప్పుడు ఒక కాలైనా చాపుకోవచ్చు.