సమస్య: “నిండు చందురుఁ డుదయించె నిండమాస”

కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి నాలుగవ పాదం. మన వరంగల్ పల్లెల్లో అమావాస్య నాటి చిమ్మచీకటి రాత్రిని ‘నిండమాస’ అంటారు కదా. అక్కడ ‘నిండు’ అన్న మాట వెన్నెల నిండుదనాన్ని గాక చీకటి గాఢతను చెబుతుంది. ఒకే పాదంలో ఆ మాట రెండుసార్లు, రెండు ఎదురెదురు అర్థాలతో రావడమే ఇందులోని చిక్కు.

సమస్య నాకెలా తోచిందో కూడా చెప్పాలి. అమెరికాలో 1990 ఏప్రిల్ 8న మొదలైన ‘ట్విన్ పీక్స్’ అనే మర్మకథా ధారావాహికను ఈ మధ్య మళ్ళీ చూశాను. డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్ సృష్టించిన ఆ కథ, లారా అనే అమ్మాయి శవం ప్లాస్టిక్ కాగితంలో చుట్టి నీటి ఒడ్డున దొరకడంతో మొదలవుతుంది. రాత్రి దృశ్యాల నడుమ గాలికి ఊగే చెట్లు, ఎవరూ లేని కూడలిలో ఎర్రదీపం, వాటితోపాటు నిండు చంద్రుడు మళ్ళీ మళ్ళీ కనిపిస్తారు. ఆ కథలో ఒక్కొక్క భాగం దాదాపు ఒక్కొక్క రోజుకు సంబంధించినది. పున్నమి నుండి పున్నమికి ఇరవైతొమ్మిదిన్నర రోజులు పట్టే లోకంలో ఇన్ని రాత్రులు నిండు చంద్రుడెలా వస్తాడన్న ప్రశ్న నన్ను వదలలేదు. అది తిథిని చెప్పే చంద్రుడు కాదని, మరేదో చెప్పవలసిన చంద్రుడని అనిపించింది. ఆ ‘మరేదో’ ఏమిటో మీ పూరణల్లో వెతుకుతున్నాను.

పూరణ: హనుమకొండ సభ్యులు

బయటఁ జీఁకటి యింటిలో బల్లమీఁద
పెట్టె తెరపైన వెలుఁగొందు వింత కథను
చూచుచుండఁగా నడిరేయి సొగసుతోడ
నిండు చందురుఁ డుదయించె నిండమాస

పరిశీలన: ధార బాగుంది, అన్వయం సూటిగా ఉంది. ‘మీఁద’, ‘కథను’ రెండూ ద్రుతప్రకృతికాలు (చివర నకారం చేరే మాటలు) గనుక వాటి తరువాతి పరుషాలు (క, చ, ట, త, ప) సరళాలు (గ, జ, డ, ద, బ) కావాలి. ‘మీఁదఁ / బెట్టె’ అని, ‘కథను / జూచుచుండఁగా’ అని సవరించుకోండి. బకారం వకారంతోను, జకారం సకారంతోను కలుస్తాయి గనుక యతికి (పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో ఉండవలసిన మైత్రికి) భంగం లేదు. ‘సొగసుతోడ’ పాదం నింపడానికి వచ్చిన మాట. ఒక హత్య కథ చూస్తున్న ఇంట్లో సొగసు ఎక్కడిది? ‘చోద్యముగను’ అన్నా గణాలు, యతి సరిపోతాయి, భావమూ నిలుస్తుంది. అయితే నా అసలు అసంతృప్తి వేరు. చంద్రుణ్ణి ఆకాశం నుండి తెర మీదికి మార్చగానే సమస్య తీరింది గాని, ఆ తెర మీది చంద్రుడు ఎందుకు నిండుగా ఉన్నాడో పద్యం అడగలేదు.

పూరణ: వరంగల్ సభ్యులు

దీపావళి అమావాస్య రాత్రి భద్రకాళి చెరువులో దీపాల నీడలన్నీ కలిసి చంద్రబింబంలా కనిపించాయన్న ఊహ ముచ్చటైనది. కాని మొదటి పాదం “కొలను నీటిపై దీపాలు మెరయుచుండ” అన్నచోట ‘కొ’కు ‘మె’తో యతి కుదరదు. “కొలను నీటిపై దీపాలు గొలువుదీర” అంటే చెల్లుతుంది. మిగిలిన పాదాలను కూడా సరిచూసి మళ్ళీ పంపగలరు.

పూరణ: కరీంనగర్ సభ్యులు, విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు

రవియుఁ దానును నొకరాశి రహినిఁ గూడ,
మనకుఁ గనరాని యావలి మండలంబు
పూర్ణకాంతిని వెలుఁగంగఁ, బొడుపుమలను
నిండు చందురుఁ డుదయించె నిండమాస

పరిశీలన: మాస్టారూ, ఈ పద్యాన్ని పలుమార్లు చదువుకున్నాను. అమావాస్య నాడు చంద్రుడు ఉదయించడని మనం అనుకుంటాం గాని, ఆనాడు ఆయన దాదాపు సూర్యునితోపాటే ఉదయిస్తాడు. చంద్రగోళంలో సగభాగం ఎప్పుడూ ఎండలోనే ఉంటుంది. అమావాస్య నాడు ఆ సగం మనకు పెడమొగంగా ఉంటుంది. 1959లో సోవియట్ నౌక లూనా-3 ఫొటోలు తీసే దాకా మనుషులెవరూ చూడని ఆ ఆవలి ముఖం మీద ఆనాడు నిండు పగలు. సమస్యలో అబద్ధమన్నదే లేకుండా చేశారు. అసంగతాన్ని తప్పించుకోవడం ఒక పద్ధతి, దాన్ని సత్యంగా నిరూపించడం అంతకన్న కష్టమైన పద్ధతి.

నేను వెతుకుతున్న అర్థం కూడా నాకిక్కడ దొరికింది. లారా పగలు బడిలో అందరూ మెచ్చిన రాణి. ఆమె రాత్రుల సంగతి ఊరికి తెలియదు, లేదా తెలిసినా తెలియనట్టు ఊరుకుంది. ఊరికి అమావాస్యగా కనిపించిన బ్రతుకు ఆవలి వైపున నిండుగానే ఉంది, కాని చూసినవారు లేరు. మన కాకతీయుల నాటి శాసనాల తలమీద సూర్యచంద్రులను చెక్కడం ఆ దానం ఆచంద్రార్కం నిలవాలని, దానికి వారిద్దరూ సాక్షులని. ఆ ధారావాహికలో సూర్యుడు లేని సాక్ష్యం ఉంది. అంతా చూసిన చంద్రుడు ఉన్నాడు, ఆయన నోరు విప్పడు.

పూరణ: జనగామ సభ్యురాలు

పుట్టినింటికిఁ గూఁతురు పొద్దువాల
వచ్చె నెంగిలిపూలతో వాకిలందు
నమ్మ కన్నుల వెలుఁగయ్యె నామె మోము
నిండు చందురుఁ డుదయించె నిండమాస

పరిశీలన: సోదరీ, బతుకమ్మ ‘ఎంగిలిపూల’తో మొదలయ్యేది పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాడే అన్న మాట ఇంత దగ్గరగా ఉన్నా నాకు తట్టలేదు. ‘నామె’లోని ఆకారంతో స్వరయతి చక్కగా కుదిరింది. ముఖాన్ని చంద్రునితో పోల్చడం పాతదే అయినా, చూసే కళ్ళు తల్లివి కావడంతో కొత్తగా తోచింది. ఒక్క సందేహం. నేను చెప్పిన కథలో తల్లి ఉంది, ఇంటికి రావలసిన కూతురూ ఉంది, కాని ఆ కూతురు రాదు. మీ పద్యం పండుగ వాకిట్లోనే ఆగిపోయింది కదా?

జనగామ సభ్యురాలి జవాబు

అన్నగారూ, మీ ప్రశ్న చదివాక రెండు రోజులు ఆలోచించాను. పెత్రమాస నాడు పోయినవారికి బియ్యం ఇచ్చి, ఆ సాయంత్రమే బతుకమ్మ ఆడతాం. ఏడుపు, పండుగ ఒకే తిథిన వస్తాయి. అందుకని పద్యమంతా మార్చనవసరం లేదనిపించి, ఒక్క మాట మార్చాను.

పుట్టినింటికిఁ గూఁతురు పొద్దువాల
వచ్చె నెంగిలిపూలతో స్వప్నమందు
నమ్మ కన్నుల వెలుఁగయ్యె నామె మోము
నిండు చందురుఁ డుదయించె నిండమాస

చంద్రుడు మనసుకు అధిదేవత అంటారు. నిద్రలో ఉన్న తల్లి మనసుకు తిథి ఏమిటన్నది ఎవరు చెప్పగలరు?

పరిశీలన: ‘స్వ’లోని వకారంతో ‘వచ్చె’కు సంయుక్తాక్షర యతి చెల్లింది. గణాలు సరిపోయాయి. నేను మార్చవలసిన అక్షరం ఇందులో ఒక్కటీ లేదు.