నాయనకు 79 ఏళ్ళు, ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు. రేడియేషన్ ఇప్పించాలా, వదిలేయాలా?

పూతలపట్టు_పెద్దోడు
మా నాయనకు 79. మామిడి తోట ఇప్పటికీ ఆయనే చూసుకుంటాడు. రాత్రి నాలుగైదు సార్లు ఒంటికి లేస్తుంటే వయసు వల్లనే అనుకున్నాం. ఈ మధ్య ధార సరిగా రావడం లేదంటే చూపించాం. పీఎస్ఏ అని ప్రోస్టేట్‌కు చేసే రక్తపరీక్షలో 14 ఉంది. ఎంఆర్ఐ తీసి, ముక్క పరీక్ష చేస్తే, క్యాన్సర్ ఎంత దూకుడుదో చెప్పే గ్లీసన్ స్కోరు 4+3 అని వచ్చింది. ఎముకల స్కాన్‌లో ఏమీ లేదు. షుగరు ఉంది, ఆరేళ్ళ కిందట గుండెకు స్టెంట్ వేశారు. రేడియేషన్, దాంతో పాటు ఆరు నెలలు మగ హార్మోన్‌ను తగ్గించే ఇంజెక్షన్లు ఒక దారి అన్నారు. వయసు, గుండె చూసుకుని మీరే ఆలోచించుకోండి అని కూడా అన్నారు. బెంగళూరులో ఉన్న తమ్ముడు వెంటనే మొదలుపెట్టమంటాడు. ఈ వయసులో ఆయన్ని హింస పెట్టొద్దని అక్క ఏడుస్తుంది. నాయనకు ఇంకా క్యాన్సర్ అని చెప్పలేదు, గడ్డ అని చెప్పాం. ఇలాంటి పరిస్థితి చూసినవాళ్ళు చెప్పండి.

పలమనేరు_కోడలు
మా మామగారికి 82. పీఎస్ఏ 7, గ్లీసన్ 3+3. వేలూరు సీఎంసీలో చూపిస్తే ఏ వైద్యమూ వద్దన్నారు. ఆరు నెలలకోసారి పీఎస్ఏ చూపించుకోమన్నారు, అంతే. క్యాన్సర్ ఉందని చెప్పి ఊరికే పంపించారేమిటని మొదట్లో నాకు చాలా టెన్షన్. నాలుగేళ్ళయింది, అది అలాగే ఉంది. మధ్యలో ఆయన ఆసుపత్రిలో చేరింది న్యుమోనియాతోనే, దీనితో కాదు. మీరు కూడా కంగారు పడి ఏదీ చేయించకండి అన్నా.

చిత్తూరు_ల్యాబ్
అమ్మా, మీ మామగారిది, వీళ్ళ నాయనది ఒకటి కాదు. 3+3 అంటే చాలా నిదానంగా పెరిగేది. 4+3 అంటే చురుకైన కణాలే ఎక్కువ ఉన్నట్టు, అయిదు గ్రేడ్లలో మూడోది. రెండంకెలూ కలిపితే 8, 9, 10 వస్తే ఇంకా దూకుడు.

అన్నా, ఒక మాట కనుక్కోండి. మూత్రం ధార కోసం నాయన ఫినాస్టెరైడ్ గానీ డ్యుటాస్టెరైడ్ గానీ నెలల తరబడి వాడుతున్నాడా? వాడుతుంటే పీఎస్ఏ దాదాపు సగానికి తగ్గి కనిపిస్తుంది. అప్పుడు 14 అంటే 28 కింద చూడాలి, డాక్టర్ లెక్కే మారుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం పెరిగి కనిపిస్తుంది. పాత చీటీలన్నీ ఫైల్లో పెట్టుకుని వెళ్ళండి.

బ్రిటన్‌లో 1,643 మందిని 15 ఏళ్ళు గమనించి 2023లో ఫలితాలు ప్రచురించారు. ఆపరేషన్ చేసినా, రేడియేషన్ ఇచ్చినా, గమనిస్తూ ఉన్నా, ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ళు నూటికి ముగ్గురే. ఇది చూపించి మీకూ ఏమీ అక్కర్లేదు అనేవాళ్ళు వస్తారు. కానీ వాళ్ళు 50 నుంచి 69 ఏళ్ళవాళ్ళు, ఎక్కువమందిది చిన్న గ్రేడు. గమనిస్తూ ఉన్నవాళ్ళలో క్యాన్సర్ పాకడం రెట్టింపు దాకా ఉంది. మీ నాయనకు దాన్ని నేరుగా వర్తింపజేయొద్దు.

పుత్తూరు_దారి
మాది ముదిరిన తర్వాత తెలిసిన కథ. మా నాయనకు 76. నడుం నొప్పి అంటే బరువెత్తాడు, పట్టేసింది అనుకుని కట్టు కట్టించడానికి పుత్తూరు బయలుదేరాం. దారిలో బంధువు ఒకాయన రక్తపరీక్ష చేయించమన్నాడు. పీఎస్ఏ 300 దాటింది, వెన్నెముకలో ఉంది. మూడు నెలలకోసారి ఇంజెక్షన్ జీవితాంతం, లేదా వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్ అన్నారు. నాకు ఆయనతో ఆ మాట ఎత్తడానికి నోరు రాలేదు. ఆయనే "మాటిమాటికీ ఆసుపత్రి చుట్టూ తిరగలేను, తీసేయమను" అన్నాడు. రెండు వారాల్లో నొప్పి తగ్గి పొలం దాకా నడిచాడు. మూడేళ్ళు బాగున్నాడు. పెద్దాయన మనసులో ఏముందో అడగకుండా మీరే ఊహించుకోకండి.

రిటైర్డ్_అయ్యవారు_తిరుపతి
నాయనా, నేను బయటి మనిషిని కాను, రోగిని. నాకు 77. నాది కూడా 4+3. రెండేళ్ళ కిందట 20 సిట్టింగులు, నాలుగు వారాలు తీసుకున్నాను. ఊళ్ళో కరెంటు పెట్టడం అంటారు. రోజూ ముందుగా విరేచనం అయిపోవాలి, తర్వాత లెక్క ప్రకారం నీళ్ళు తాగి మూత్రాశయం నిండాక బల్లమీద పడుకోవాలి. అది నిండితే పేగు పక్కకు జరిగి దెబ్బ తక్కువ తగులుతుంది. మన వయసులో అలా బిగపట్టుకుని వరుసలో కూర్చోవడమే కష్టం. బల్లమీద పది నిమిషాలే, నొప్పి ఉండదు. మూడో వారం నుంచి మూత్రంలో మంట, మాటిమాటికీ లేవడం, నెలన్నరకు సర్దుకుంది.

నన్ను కుంగదీసింది ఇంజెక్షన్లు. ఉన్నట్టుండి ఒళ్ళంతా భగ్గుమని చెమటలు పట్టేవి. కాళ్ళలో కండ పోయింది. ఏటా శ్రీవారి మెట్టు ఎక్కేవాణ్ణి, ఆ ఏడు బస్సులో కొండకు పోయాను. షుగరు పెరిగింది. మీ నాయనకు స్టెంట్ ఉంది కాబట్టి గుండె డాక్టర్‌కు చూపించకుండా మొదలుపెట్టొద్దు. ఎముకలు పలచబడతాయి, కాల్షియం, విటమిన్ డి గురించి అడగండి, రోజూ నడిపించండి.

ఇంకొక్క సంగతి. నా పిల్లలు మూడు వారాలు నాకు చెప్పలేదు. నేను గదిలోకి రాగానే ఫోన్లో మాట మార్చేవాళ్ళు. ఎముకల దాకా పాకింది, రోజులు లెక్క పెడుతున్నారు అనుకుని రాత్రిళ్ళు లేచి ఇంటి కాగితాలు, అప్పుల లెక్కలు సర్దిపెట్టుకున్నాను. నిజం తెలిశాక అది నేను అనుకున్నదానికన్నా చాలా చిన్నది. మీ నాయన తోట నడిపే మనిషి, ఆయనకు చెప్పండి. ఏమీ చేయకపోతే ఎన్నేళ్ళకు ఏం కావచ్చు, చేస్తే ఎన్ని నెలలు నీరసం, ఈ రెండూ డాక్టర్‌ను ఆయన ఎదుటే అడగండి.

పలమనేరు_కోడలు
పెద్దాయనా, చెప్పింది బాగుంది. అన్నా, తొందరపడి అలా రాశాను, గ్రేడు తేడా నాకు తెలియదు.

పూతలపట్టు_పెద్దోడు
నిన్న చెప్పేశాం. అక్క వద్దంటూనే పక్కన కూర్చుంది. నాయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "గడ్డ అన్నప్పుడే అనుకున్నాను" అన్నాడు. ఈ రోజు ఆయన్ని తీసుకుని మళ్ళీ డాక్టర్ దగ్గరికి పోయాం. ఏమీ చేయకపోయినా వెంటనే ప్రాణానికి ప్రమాదం లేదు, కానీ ఆయన ఓపిక చూస్తే ఇంకో పదేళ్ళు బతికే మనిషి, ఈలోపు ఇది ఎముకలకు చేరొచ్చు అన్నారు. నాయన అడిగింది ఒకటే, కాయ దించే వరకు ఆగొచ్చా అని. ఇంజెక్షన్ ముందు మొదలుపెట్టి, రెండు మూడు నెలల తర్వాత రేడియేషన్ పెట్టుకోవచ్చట, మామూలుగానే అలా చేస్తారట. అందుకు ఒప్పుకున్నాడు. డ్యుటాస్టెరైడ్ వాడలేదు, చీటీలు చూశాను. బుధవారం గుండె డాక్టర్ దగ్గరికి.

చిత్తూరు_ల్యాబ్
మంచిది. తిరుపతిలో స్విమ్స్‌లోనూ, టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రిలోనూ రేడియేషన్ ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్లో ముందే అడిగి పెట్టుకోండి. ఇంజెక్షన్లలో కొన్నిటికి మొదటి రెండు వారాలు హార్మోన్ తగ్గకుండా పెరుగుతుంది. దాన్ని ఆపడానికి బైకాలుటమైడ్ మాత్ర ముందునుంచే ఇస్తారు. రాసిస్తే ఒక్క రోజు కూడా మానకుండా చూడండి. ఇప్పటికే ధార సరిగా లేదన్నారు కాబట్టి, మూత్రం పూర్తిగా ఆగిపోతే రాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.